'అవును' అని రాయాల్సిన చోట

ఇంగ్లండు నుంచి తిరిగొచ్చాక చాలా రోజులు, ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయేదాన్ని. ముంబయి పక్కనున్న మా భివండీలో ఖాకీ వేసుకునేది పోలీసులే కాదు, రిక్షావాళ్ళు కూడా. అందుకని శాంతి నగర్ నుంచి బజారుకు పోయి రావడమంటే నాకు ఈ పక్కకూ ఆ పక్కకూ దాటుకుంటూ పోవడమే అయింది. ఒకరోజు వెంట వచ్చిన అమ్మ నా రెక్క పట్టి ఆపింది.

"ఏందే, మేకపిల్ల తీర్గ గట్ల ఉర్కుతున్నవ్? బండ్లు కనవడ్తలేవా?"

"ఎండ కొడ్తుంది. నీడకు పోతున్న."

అమ్మ నన్ను లోపలి పక్కకు తోసి, తను రోడ్డు వైపు నడిచింది. ఆమెకు సంగతి తెలుసు. చదువుకోవడానికి ఇచ్చిన వీసా గడువు అయిపోయాక కూడా నాలుగు నెలల పైన ఆ దేశంలో ఉండి, చదువు పూర్తి కాకుండానే వచ్చాను. అక్కకూ బావకూ కూడా చెప్పాం. నాయినకు మాత్రం చెప్పలేదు. కాలేజీకి సెలవులని ఒకసారి, పరీక్షలు వెనక్కి పోయాయని ఒకసారి చెప్పి దాటేశాం.

మా నాయిన సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమ్‌ని మావాళ్ళు సాంచా అంటారు. నేను పుట్టకముందే సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి, అప్పటి నుంచీ శాంతి నగర్ కార్ఖానాల్లోనే పని చేశాడు. అమ్మ దారం కండెలు చుట్టేది. అక్కనూ నన్నూ మరాఠీ బడిలో వేశారు. అక్క పదో తరగతితో ఆగింది. నేను ముందుకు పోయాను. కార్మికుల ఆరోగ్యం మీద పైచదువుకు స్కాలర్‌షిప్ వస్తే ఇంగ్లండుకు వెళ్ళాను. సాంచాల దగ్గర పనిచేసే వాళ్ళ చెవుల మీద పరిశోధన చేస్తానని అక్కడి టీచరుకు చెప్పాను. దానికి కారణం మా నాయినే. ఇన్నేళ్ళ మోతకు ఆయన చెవులు దాదాపు పోయాయి.

అక్కడ అంతా బాగానే నడుస్తుండగా, థీసిస్ ఇవ్వాల్సిన రోజులు దగ్గర పడ్డప్పుడు నాకు అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ అయింది, కుట్లు చీము పట్టాయి, మళ్ళీ ఆసుపత్రి. యూనివర్సిటీ వాళ్ళు దయ తలచి థీసిస్ ఇవ్వడానికి గడువు పెంచారు. దాంతోపాటు నేను ఆ దేశంలో ఉండే గడువు కూడా పెరిగిందనుకున్నాను. అవి రెండూ వేరని, రెండోదానికి నేనే విడిగా అర్జీ పెట్టుకోవాలని తెలిసేసరికి తేదీ దాటిపోయింది.

ఆ రోజే పోయి ఎవరికైనా చెప్పి ఉంటే ఏదో ఒక దారి ఉండేదేమో. వంటగది పంచుకునే అమ్మాయితో అన్నాను. ఆమె చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు పోయావా, అక్కడే పట్టుకుని లోపలేస్తారు. మా ఊరి వాడినొకడిని అట్లాగే చేశారు" అంది. తర్వాత ఆలోచిస్తే ఆమెకు కూడా ఎవరో చెప్పిన మాటే అది. కానీ ఆ రోజు నేను నమ్మేశాను.

ఇక గదిలోంచి బయటికి రాలేదు. పగలు కూడా పరదాలు వేసి ఉంచేదాన్ని. కింద తలుపులో ఉత్తరాల సందు చప్పుడైతే కుళాయి కట్టేసి ఊపిరి బిగపట్టుకుని నిలబడేదాన్ని, నీళ్ళ చప్పుడుకు మనిషి ఉందని తెలుస్తుందేమోనని. యూనివర్సిటీ నుంచి వచ్చే మెయిళ్ళు తెరవడం మానేశాను. అమ్మ ఫోన్ చేస్తే "సదువుకుంటున్న" అనేదాన్ని. పుస్తకం తెరిచి నెలలయింది. థీసిస్ సంగతి తలుచుకుంటే వీసా గుర్తొచ్చేది, వీసా గుర్తొస్తే నిద్ర పట్టేది కాదు. ఒక్కో రోజు ఆలస్యం చేసే కొద్దీ నేరం పెరుగుతోందని తెలుసు. అది పెరిగే కొద్దీ బయటపడే ధైర్యం తగ్గుతూ వచ్చింది.

చివరికి మా టీచరే వచ్చింది. తలుపు కొట్టింది. నేను అవతల నేల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఆమె నా పేరు పిలిచి, "నేనొక్కదాన్నే వచ్చాను. నా వెంట ఎవరూ లేరు" అంది. కాసేపాగి మళ్ళీ అంది. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు బయటికి వినబడ్డాక ఇక తలుపు తీయక తప్పలేదు.

ఆమె నన్ను యూనివర్సిటీలో వీసా సంగతులు చూసే ఆఫీసుకు తీసుకుపోయింది. అక్కడివాళ్ళు కోప్పడలేదు. నీ అంతట నువ్వు వెంటనే వెళ్ళిపో, ఏడాది దాకా మళ్ళీ రానివ్వరు, ఆ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పి అర్జీ పెట్టుకో, ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు అన్నారు. ఎయిర్‌పోర్టులో నన్నెవరూ పట్టుకోలేదు. ఆ దేశం విడిచిపోయే వాళ్ళను ఆపి అడిగే అధికారే అక్కడ కనిపించలేదు. విమానం వాళ్ళ కౌంటరులోని పిల్ల పెట్టె తూచి, కిటికీ పక్క సీటు కావాలా అని అడిగింది. నేను అన్నాళ్ళు దేనికి దాక్కున్నానో అది అక్కడ లేనే లేదు. సంతోషం కలగలేదు. మరుగుదొడ్డిలోకి పోయి కక్కుకున్నాను.

భివండీకి వచ్చాక బావ మాన్కోలిలో ఒక గోదాములో బిల్లులు కొట్టే పని చూపించాడు. ఏడాది దాటింది. మళ్ళీ చేర్పిస్తానన్న టీచరు మాట తప్పలేదు. థీసిస్ పూర్తి చేసుకోవడానికి మళ్ళీ చేర్చుకుంటామని యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. స్కాలర్‌షిప్ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఇక మిగిలింది వీసా.

బావ నన్ను ఠాణేలో తనకు తెలిసిన ఒక ఏజెంటు దగ్గరికి తీసుకుపోయాడు. ఏసీ గది, గోడ నిండా విమానాల బొమ్మలు. ఏజెంటు కంప్యూటర్ మీద నా అర్జీ నింపుతూ, ఒక ప్రశ్న దగ్గర ఆగాడు. మీకిచ్చిన గడువు దాటి ఎప్పుడైనా, ఎక్కడైనా ఉన్నారా అని ఉందక్కడ. అవును, లేదు. రెండు చిన్న గుండ్రాలు. అతను నన్నేమీ అడగకుండానే 'లేదు' మీద నొక్కాడు.

"ఉన్నాను" అన్నాను హిందీలో.

అతను నవ్వాడు. "బయటికి పోయేటప్పుడు మీ పాస్‌పోర్టు మీద ఎవరైనా ముద్ర వేశారా? లేదు కదా. మరి వాళ్ళకెట్లా తెలుస్తుంది? 'అవును' అని రాస్తే మాత్రం మీ అర్జీని మీరే చింపుకున్నట్టు."

బావ నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఆయన దినాం ఇదే పని జేస్తడు. ఆయనకెర్కలేదా? లేదు అని రాయనియ్యి. పని అయితది."

నాకు యూనివర్సిటీ ఆఫీసులో విన్న మాట గుర్తొచ్చింది. అబద్ధం రాసి దొరికితే పదేళ్ళు రానివ్వరు. ఏజెంటు మాటలో కూడా నిజం లేకపోలేదు. ఆలోచించుకుని వస్తానని లేచాను. తిరిగి వస్తుంటే కాశేలి వంతెన మీద ట్రాఫిక్‌లో బండి ఆగింది. బావ ముందుకే చూస్తూ అన్నాడు. "మామకు ఒక మాట జెప్పు. నువ్వు మల్ల పోతవని గా మనిషి అందరికి జెప్పుకుంటుండు. రేపు వీసా రాదని తెలిస్తే ఎట్ల?"

నాయినకు చెప్పకపోవడానికి భయమొక్కటే కారణం కాదు. మాది ఒక్క గది ఖోలీ. పక్క ఖోలీకీ మాకూ మధ్య ఉన్నది పలచని గోడ. నాయినకు ఏది చెప్పాలన్నా అరవాలి. అక్క పెళ్ళి మాటలు, అమ్మకు గర్భసంచి తీసేయాలన్న సంగతి, అన్నీ ఆ చాల్‌లో, ఆ వరస గదుల్లో, అందరూ విన్నవే. ఇది కూడా అట్లా అరిచి చెప్పడం నావల్ల కాలేదు.

అందుకే కార్ఖానాకు పోయాను. సాంచాలు నడుస్తున్నప్పుడు అక్కడ చెవులు బాగున్నవాడికి కూడా ఏమీ వినబడదు. పనివాళ్ళు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు నాయినకు అన్నం గిన్నె తీసుకుపోతూ నేనూ ఆ భాష నేర్చుకున్నాను. ఆ మోతలో నాయినకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా చెప్పొచ్చని నా ఆలోచన.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాను. గాలిలో దూది నూగు ఎగురుతోంది. నాయిన కనుబొమల మీద కూడా తెల్లగా ఉంది. నన్ను చూసి నవ్వి, డబ్బా కిటికీలో పెట్టమని సైగ చేశాడు. నేను ఆయనకు ఎదురుగా, మిగతావాళ్ళకు నా మొహం కనబడకుండా నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పాను.

"నాయినా, నేను అక్కడ గడువు అయినంక గూడ ఉన్న. తప్పు అది. అందుకే వచ్చేసిన. సదువు అయిపోలే."

ఆయన నుదురు ముడిపడింది. మళ్ళీ చెప్పమని చెయ్యి ఊపాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి అర్థమైంది. ఆయన ముఖంలోంచి నవ్వు పోవడం చూశాను. సరిగ్గా అప్పుడే పక్క సాంచా మీద పోగు తెగింది. ఆయన అటు తిరిగి, వంగి, పోగు ముడేసి, సాంచా నడిపించాడు. మళ్ళీ నా వైపు తిరగలేదు. నేను చుట్టూ తిరిగి ఎదురుగా పోతే ఇంకో సాంచా వైపు మళ్ళాడు. మా నాయినకు ఒకరి మాట వినొద్దనుకుంటే చెవులు మూసుకోనక్కర్లేదు, మొహం తిప్పుకుంటే చాలు. ఇంగ్లండులో తలుపు వెనక కూర్చున్నప్పుడు కూడా అంత భయం వేయలేదు.

ఆయన వెనక నిలబడి, వినడని తెలిసి కూడా, గొంతు ఎంత పెంచుతున్నానో నాకే తెలియకుండా చెప్పుకుంటూ పోయాను. ఆసుపత్రి సంగతి, తేదీ సంగతి, పరదాల సంగతి. "పోలీసులు పట్టుకపోతరని నాలుగు నెలలు అర్రల దాక్కున్న నాయినా" అంటుండగా కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా గొంతు ఒక్కటే ఆ రేకుల కింద మోగింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. మోత ఆగిందన్న సంగతి నాయినకు కాళ్ళ కింద నేల అదురు ఆగడంతో తెలిసింది. తలెత్తి అందరి మొహాలూ చూసి, ఏమైందని అడిగాడు. మా ఊరి పక్క నుంచే వచ్చినాయన, నేను కాకా అని పిలిచే మనిషి, నాయిన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"పోలీసులు పట్టుకపోతరని నీ బిడ్డ దాక్కున్నదట. నాలుగు నెలలు."

నేను అక్కడే చచ్చిపోతే బాగుండుననుకున్నాను. నాయిన చేతిలోని కండె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. చెవులు వినబడని వాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా అడిగాడు.

"నిన్ను ఎవ్వలన్న కొట్టిండ్రా?"

"లేదు నాయినా."

"చెయ్యి పట్టిండ్రా ఎవ్వలన్న?"

తల అడ్డంగా ఊపాను. ఆయన అక్కడే ఒక దారం మూట మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "మరి తిన్నవా? గన్ని దినాలు ఏం తిన్నవ్?" అన్నాడు.

"బియ్యం ఉండె."

ఇంత జరిగాక దాచేదేముంది. ఏజెంటు చెప్పింది కూడా చెప్పాను. కాకా వెంటనే, "లేదు అనే రాయి బిడ్డా. గాళ్ళు మన ఎన్కాల తిరిగిండ్రా?" అన్నాడు. ఇంకొకతను వద్దన్నాడు. నేను నాయిన వైపు చూశాను. ఇలా చెయ్యి అని ఆయన ఒక్క మాట అంటే అదే చేద్దామని ఉంది. ఆయన "నాకు తెల్వది బిడ్డా. నువ్వే సదువుకున్నవ్" అన్నాడు. అప్పుడే కరెంటు వచ్చింది. అందరూ లేచి ఎవరి సాంచాల దగ్గరికి వాళ్ళు పోయారు.

సాయంత్రానికల్లా చాల్ అంతా తెలిసిపోయింది. పక్క ఖోలీ ఆమె నీళ్ళ దగ్గర అమ్మను ఆపి, "నీ బిడ్డను అక్కడ జైల్ల ఏసిండ్రటగా" అని అడిగింది. అమ్మ బిందె ఎత్తుకుంటూ, "ఏస్తే ఇక్కడెట్ల ఉంటదమ్మా" అని వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత ఏజెంటు లేకుండా నేనే కూర్చుని అర్జీ నింపాను. ఆ ప్రశ్న దగ్గర 'అవును' నొక్కాను. అది ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. దొరికిపోతానేమోనని బతకడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వీసా రాకపోవడం కంటే, అబద్ధంతో వచ్చిన వీసా పట్టుకుని మళ్ళీ ఆ పరదాల వెనక్కి పోవడమే నాకు ఎక్కువ భయం. కింద ఉన్న ఖాళీలో ఆసుపత్రి తేదీలు, గడువు తేదీ, వెళ్ళిపోయిన తేదీ రాశాను. ఎందుకు ఆగారు అన్నదానికి 'భయపడ్డాను' అని రాశాను.

క్షయ లేదని చూపించడానికి ముంబయిలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. పుట్టినప్పటి నుంచీ పీల్చింది ఆ దూది నూగే. నా ఊపిరితిత్తుల్లో ఏముందో నాకే నమ్మకం లేదు. డాక్టరు ఫిల్మును వెలుతురులో పెట్టి చూస్తూ, ఎక్కడుంటారని అడిగాడు. భివండీ అన్నాను. ఇంకొంచెం దగ్గరికి పోయి చూశాడు. దగ్గు ఉందా అన్నాడు. లేదన్నాను, ఆ క్షణానే గొంతులో గరగర మొదలైంది. దాన్ని మింగి కూర్చున్నాను. ఆయన సంతకం పెట్టి ఇచ్చాడు. మెట్లు దిగాక కడుపారా దగ్గాను.

ఇంటర్వ్యూ తెర మీద జరిగింది. ఒక చిన్న గది, ఒక కుర్చీ, తెర మీద నడివయసు మనిషి. అతని పెదవులు ముందు కదిలి మాట వెనక వచ్చేది. మామూలు ప్రశ్నలు కొన్ని అడిగాక, గడువు అయిపోయిందని తెలిశాక కూడా నెలల తరబడి ఎందుకున్నారని అడిగాడు. నేను వారం రోజులుగా కంఠతా పెట్టిన ఇంగ్లీషు వాక్యాలన్నీ పోయాయి.

"భయమేసింది" అన్నాను.

"దేనికి?"

"ఇట్లాంటి గదిలో కూర్చోబెట్టి ఎవరైనా అడుగుతారని."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఏదో టైపు చేసుకున్నాడు. ఆ తర్వాత థీసిస్ గురించి అడిగాడు. మా నాయిన చెవుల గురించి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలోనే చాలు అన్నాడు. చాలు అన్నది మంచికో చెడ్డకో తెలియలేదు.

తర్వాత వారాల తరబడి ఎదురుచూడటమే. గోదాములో ఫోన్ మోగితే చేతిలో ఉన్నది జారిపోయేది. అమ్మ ఏ దేవుడికి మొక్కిందో చెప్పలేదు. నాయిన మాత్రం రోజూ పని నుంచి వచ్చి, చెయ్యి ఊపి ఏమైందని సైగ చేసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

మా సందులోకి కొరియర్ వాళ్ళు రారు. అందుకని కాశేలిలో ఉండే అక్క ఇంటి చిరునామా ఇచ్చాను. పాస్‌పోర్టు పంపామని మెసేజ్ వచ్చింది, లోపల ఏముందో చెప్పలేదు. ఆ మర్నాడు పొద్దున అక్క ఫోన్ చేసింది.

"కవర్ వచ్చిందే. చింపిన. తప్పా?"

"ఏముంది అండ్ల?"

"నీ పాస్‌పోర్టే. ఒక పేజీ మీద కాగితం అంటించిండ్రు. రంగురంగులుంది. నీ ఫోటో ఉంది."

"నా ఫోటో మొదటి పేజీల ఉంటది అక్కా. అది గాదు."

"మొదటిది గాదు, మధ్యల. ఖరంచ్, నిజంగ చెప్తున్న. ఇంగ్లీషుల ఏందో రాసిండ్రు, నాకు రాదు గద."

నమ్మలేదు. రిక్షా పట్టుకుని పోయాను. గోదాముల వైపు పోయే కంటైనర్ లారీల మధ్య రిక్షా నిలిచిపోతే, దిగి మిగిలిన దూరం నడిచాను. అక్క పాస్‌పోర్టును పప్పు డబ్బా మీద పెట్టి, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కాపలా కూర్చుని ఉంది. పేజీ తీశాను. వీసా. నా పేరు అక్షరం అక్షరం చదివాను. తేదీలు చదివాను. గడువు అయిపోయే తేదీ దగ్గర మాత్రం ఆగి, అక్కను కాటుక పెన్సిల్ అడిగి, అరచేతి మీద రాసుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇంక నవ్వవే, వచ్చింది గద" అంది. నవ్వడానికి చూస్తే పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

నాయినకు చెప్పడానికి అరిచాను. పక్క ఖోలీ వాళ్ళు విన్నారు, ఆ పక్కవాళ్ళూ విన్నారు. సాయంత్రం అమ్మ అందరికీ చక్కెర పంచింది. నాయిన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "మల్ల గట్లనే అయితే తల్పులేసుకొని కూసోకు. ఎవ్వలకన్న చెప్పు" అన్నాడు. సరే అన్నాను.

ఇంగ్లండులో దిగాక నన్ను వరుసలోంచి పక్కకు రమ్మన్నారు. నా పాస్‌పోర్టు తీసుకుని ఒకామె లోపలికి పోయింది. గోడ వెంట బల్లల మీద నాలాగే కొందరు కూర్చున్నారు. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. పాత సంగతి వాళ్ళ తెర మీద ఉంటుందని తెలుసు. దాచింది ఏమీ లేదని నాకు నేను చెప్పుకుంటూ ఆమె పోయిన తలుపు వైపే చూస్తున్నాను. ఆమె తిరిగి వచ్చి, పోయినసారి గురించి రెండు ప్రశ్నలు అడిగింది. జవాబు చెప్పాను. ఆమె తల ఊపి, ముద్ర వేసి, "ఈసారి తేదీ చూసుకోండి" అని పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది.

పెట్టె తీసుకుని బయటికి వచ్చి, బస్సు టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాను. ఎక్కడికి అని అడిగింది లోపలి మనిషి. నేను ఏడాది ఉండి చదువుకున్న ఊరు, మళ్ళీ పోవడానికి ఇంత అగచాట్లు పడ్డ ఊరు, దాని పేరు నోటికి రాలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కదులుతున్నారు. ఆమె మళ్ళీ అడిగింది. తొందరేం లేదు అంది. కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, పేరు చెప్పాను.